కారు ఏసీ: సర్వీసింగ్, లోపాల నిర్ధారణ

కారు ఏసీ అంటే నాలుగైదు భాగాలను గొట్టాలతో కలిపి, గాలి గానీ తేమ గానీ లోపలికి చొరబడకుండా బిగించిన వలయం. ఇంజిన్ బెల్టు తిప్పే కంప్రెసర్ వాయువును నొక్కి వేడెక్కిస్తుంది. రేడియేటర్ ముందుండే కండెన్సర్ ఆ వేడిని బయటి గాలికి వదిలేసి వాయువును ద్రవంగా మారుస్తుంది. డ్రయర్ అందులోని తేమను పీల్చుకుంటుంది. ఎక్స్‌పాన్షన్ వాల్వ్ ఆ ద్రవాన్ని సన్నటి దారిలోంచి పంపి ప్రెషర్‌ను ఒక్కసారిగా దించేస్తుంది. డ్యాష్‌బోర్డు వెనకాల ఉండే కూలింగ్ కాయిల్‌లో అది మరిగి, క్యాబిన్‌లోని వేడిని లాక్కుని, మళ్లీ కంప్రెసర్‌కు చేరుతుంది. ఈ దారిలో గ్యాస్ ఖర్చయ్యే చోటు ఒక్కటీ లేదు. అది పెట్రోలులా కాలిపోదు, ఇంజిన్ ఆయిల్‌లా నల్లబడి పాడవదు. తగ్గిందంటే ఎక్కడి నుంచో బయటికి పోయినట్టే. అయినా ఎండలు ముదరగానే 'గ్యాస్ తగ్గింది, ఎక్కించుకోండి' అన్న మాటే చాలా చోట్ల ఏసీ సర్వీసింగ్ అనిపించుకుంటోంది. కారు ఏసీ మరమ్మతుల్లో వృథా అయ్యే డబ్బు, అర్ధాంతరంగా పోయే కంప్రెసర్లు, ఏటా తిరగబెట్టే ఫిర్యాదులు చాలావరకు ఈ ఒక్క అలవాటు నుంచే పుడుతున్నాయి. గ్యాస్ తగ్గడం లోపం బయటపడే తీరు మాత్రమే. లోపం ఎక్కడుందో వెతకకుండా నింపే గ్యాస్ దాన్ని కొన్నాళ్లు కప్పిపెడుతుంది, అంతే.

ఆ అలవాటు ఊరికే రాలేదు. 1939లో అమెరికాలో ప్యాకార్డ్ సంస్థ తన 1940 మోడల్ కార్లకు ఏసీ బిగించి అమ్మకానికి పెట్టింది. కూలింగ్ కాయిల్ వెనక డిక్కీలో ఉండేది. కంప్రెసర్‌ను ఆపాలంటే బండి నిలిపి, బానెట్ ఎత్తి, బెల్టు ఊడదీయాల్సి వచ్చేది. తర్వాత దశాబ్దాల పాటు కార్లలో నడిచింది ఆర్-12 గ్యాస్. ఆ వ్యవస్థల్లో కిలో, కొన్నిట్లో అంతకుమించి పట్టేది. మామూలు రబ్బరు గొట్టాల గోడల్లోంచి, కంప్రెసర్ షాఫ్ట్ సీలు పక్కనుంచి ఎంతో కొంత జారిపోతూనే ఉండేది. కిలోకు పైగా ఉన్నదాంట్లో నూరు గ్రాములు పోయినా చల్లదనంలో తేడా తెలిసేది కాదు. డ్రయర్ మీది చిన్న గాజు కిటికీలోంచి చూస్తూ బుడగలు ఆగేదాకా నింపితే ఇంచుమించు లెక్క సరిపోయేది. ఆర్-12 ఓజోన్ పొరను దెబ్బతీస్తోందని తేలి, 1987 నాటి మాంట్రియల్ ఒప్పందంతో దానికి కాలం చెల్లాక, 1990లలో ఆర్-134ఎ వచ్చింది. గొట్టాలకు లోపల నైలాన్ పొర చేరింది. కండెన్సర్ గొట్టాలు సన్నబడ్డాయి. పట్టే గ్యాస్ పరిమాణం తగ్గిపోయింది. ఇవాళ మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లు చాలావాటికి 350 నుంచి 500 గ్రాములు చాలు. అక్కడ నూరు గ్రాముల తేడా అంటే ఐదో వంతో నాలుగో వంతో అన్నమాట. వ్యవస్థ ఇంత మారినా 'కాస్త ఎక్కించు' అనే పద్ధతి మాత్రం ఆర్-12 కాలం దగ్గరే నిలిచిపోయింది.

గేజులు తగిలించి ముల్లు చూసి 'గ్యాస్ తక్కువుంది' అనడం ఎందుకు చెల్లదో చెప్పడానికి భౌతికశాస్త్రం చాలు. ఒక మూసిన పాత్రలో ద్రవమూ ఆవిరీ కలిసి ఉన్నంత కాలం అందులో ప్రెషర్‌ను నిర్ణయించేది ఉష్ణోగ్రత ఒక్కటే. పరిమాణానికి అందులో పాత్ర లేదు. వంటింటి సిలిండర్ సంగతి తెలిసిందే: సగానికి వచ్చినా, అడుగంటడానికి రెండు రోజుల ముందైనా మంట అలాగే ఉంటుంది. ఎంత మిగిలిందో తెలియాలంటే ఎత్తి చూడాలి, లేదా తూచాలి. కారు ఏసీలోనూ అంతే. బండి ఆపి, చల్లబడ్డాక గేజులు తగిలిస్తే 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుమారు 82 పీఎస్‌ఐ, 35 డిగ్రీల దగ్గర సుమారు 114 పీఎస్‌ఐ చూపిస్తాయి. 450 గ్రాములు పట్టే కారులో నిండా 450 ఉన్నా, 250 మాత్రమే ఉన్నా ఆ అంకెలు మారవు. లోపలి ద్రవం మొత్తం ఆవిరై చివరి కాస్త మిగిలినప్పుడు గానీ ముల్లు కిందికి దిగదు. ఇంజిన్ నడుస్తున్నప్పటి అంకెలు కొంత మెరుగైన సమాచారం ఇస్తాయి గానీ, ఇప్పటి కార్లలో ఉండే వేరియబుల్ కంప్రెసర్ తన స్ట్రోకును తానే తగ్గించుకుంటూ లో-సైడ్ (కంప్రెసర్‌కు తిరిగొచ్చే వైపు) ప్రెషర్‌ను ఒకేచోట నిలబెట్టే ప్రయత్నం చేస్తుంది. కాబట్టి గ్యాస్ తగ్గిన సంగతి ఆ ముల్లుకు చాలా ఆలస్యంగా తెలుస్తుంది.

అలాగని గేజులు దండగ కావు. అవి తూకం చెప్పలేవు, తీరు చెప్పగలవు. బయట 35 డిగ్రీలున్నప్పుడు ఆర్-134ఎ వ్యవస్థలో లో-సైడ్ 30 పీఎస్‌ఐ చుట్టుపక్కల, హై-సైడ్ (కంప్రెసర్ నుంచి బయటికెళ్లే వైపు) 200 నుంచి 250 మధ్య నడవడం మామూలు. రెండూ తక్కువగా ఉంటే గ్యాస్ కొరత అనుమానించవచ్చు. లో-సైడ్ సున్నా వైపు జారిపోతూ, కూలింగ్ కాయిల్‌లోకి వెళ్లే పైపు మీద మాత్రమే మంచు పడుతుంటే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర అడ్డం పడింది. లో-సైడ్ పెరిగి హై-సైడ్ తగ్గి రెండూ ఒకదానికొకటి దగ్గరైతే కంప్రెసర్ నొక్కడం మానేసింది. రెండూ ఎక్కువగా ఉంటే కండెన్సర్ వేడిని వదలలేకపోతోంది, లేదా లోపల గ్యాస్ ఎక్కువైంది, లేదా గాలి చేరింది. ఈ చివరి మూడింటిలోనూ చల్లదనం తగ్గుతుంది. 'చల్లగా రావట్లేదు, ఇంకొంచెం ఎక్కించు' అన్నప్పుడు బండి పరిస్థితి మరింత దిగజారేది ఇక్కడే. ఎక్కువైన ద్రవం కండెన్సర్ అడుగున నిలిచి, వేడి వదిలే జాగాను ఆక్రమిస్తుంది. హై-సైడ్ పెరిగిపోతుంది. ఒక హద్దు దాటాక ప్రెషర్ సెన్సర్ కంప్రెసర్‌ను ఆపేస్తుంది. నగరపు ట్రాఫిక్‌లో ఏసీ ఆగి ఆగి పనిచేసే కార్లలో కొన్ని ఇలా నింపినవే.

గ్యాస్‌తో ఏ సంబంధమూ లేని లోపాల సంఖ్య తక్కువేమీ కాదు. బండి హైవే మీద పరుగెడుతున్నప్పుడు చల్లగా ఉండి, సిగ్నల్ దగ్గర ఆగగానే వేడిగాలి వస్తే మొదట చూడాల్సింది కండెన్సర్ ఫ్యాను, దాని రిలే, ఫ్యూజు. కండెన్సర్ ఫిన్స్ నిండా దుమ్ము, పురుగులు, పత్తి పీచు పట్టినా ఇదే లక్షణం. గాలి చల్లగానే ఉండి కొద్దిగా మాత్రమే వస్తుంటే క్యాబిన్ ఫిల్టర్ మూసుకుపోయింది, చాలా కార్లలో గ్లవ్ బాక్స్ తీస్తే చేతికందే భాగం అది. మొదటి గంట బాగా వచ్చి, తర్వాత గాలి సన్నబడి, కాసేపు ఆపితే మళ్లీ మామూలైతే కూలింగ్ కాయిల్ మీద మంచు పేరుకుంటోంది. కాయిల్ ఉష్ణోగ్రత చెప్పే సెన్సర్ తప్పు చెబుతోందేమో చూడాలి. డ్రైవరు వైపు చల్లగా, పక్క సీటు వైపు వెచ్చగా వస్తుంటే లోపలి తలుపును కదిపే చిన్న మోటారు మీద అనుమానం పడాలి (గ్యాస్ తక్కువైనప్పుడు కూడా కొన్ని కార్లలో ఇలా జరుగుతుంది కాబట్టి ఇది ఒక్కటే రుజువు కాదు). కంప్రెసర్ క్లచ్ ప్లేటు అరిగి సందు పెరిగితే, చల్లగా ఉన్నప్పుడు పట్టుకుని వేడెక్కాక జారిపోతుంది. పాదాల దగ్గర మ్యాట్ తడిస్తే నీరు బయటికి పోయే గొట్టం మూసుకుపోయిందని అర్థం. వీటిలో దేనికీ గ్యాస్ మందు కాదు.

వాతావరణాన్ని కూడా లెక్కలోకి తీసుకోకపోతే బాగున్న ఏసీకి వైద్యం మొదలవుతుంది. రోహిణీ కార్తెలో రామగుండంలో పొడి ఎండ, విశాఖపట్నంలో ఉక్కపోత. రెండు చోట్లా థర్మామీటర్ ఒకే అంకె చూపినా ఏసీ మీద పడే బరువు ఒకటి కాదు. తీరంలో కూలింగ్ కాయిల్ శక్తిలో పెద్ద వాటా గాలిలోని తేమను నీటిగా మార్చడానికే సరిపోతుంది. అందుకే వెంట్ దగ్గర గాలి పొడి ప్రాంతంలో వచ్చినంత చల్లగా రాదు. తయారీదారుల మాన్యువళ్లలో వెంట్ ఉష్ణోగ్రతకు ఒకే అంకె ఉండకుండా, బయటి వేడి, తేమ రెంటినీ బట్టి పట్టికలు ఇచ్చేది ఇందుకే. తీరానికి మరో బెడద ఉప్పుగాలి. అల్యూమినియం కండెన్సర్‌ను అది త్వరగా తినేస్తుంది.

ఇక నిజంగానే గ్యాస్ తగ్గిందని తేలితే, పోతున్న చోటు వెతకడం అనుకున్నంత కష్టం కాదు. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా వ్యవస్థంతా తిరుగుతూ ఉంటుంది. గ్యాస్ కారే చోట ఆ ఆయిలూ కొద్దిగా చెమరుస్తుంది. గొట్టం, లోహం కలిసే నొక్కుడు దగ్గర, కండెన్సర్ మూలల్లో, కంప్రెసర్ ముందు భాగంలో మిగతా చోట్ల కన్నా నల్లగా, జిడ్డుగా దుమ్ము అంటుకుని కనిపిస్తే సగం పని అయినట్టే. ఇంకా సూక్ష్మంగా కావాలంటే అల్ట్రావయొలెట్ రంగు కలిపి నీలి దీపంతో చూడవచ్చు. ఎలక్ట్రానిక్ డిటెక్టరూ ఉంది. ఎస్‌ఏఈ జే2791 ప్రమాణం ప్రకారం అది ఏడాదికి 4 గ్రాముల లీకును కూడా పసిగట్టాలి. ఆర్-134ఎ గాలి కన్నా బరువైనది కాబట్టి డిటెక్టర్ ముక్కును ప్రతి జాయింటు కింద తిప్పాలి. అన్నిటికన్నా తేలిగ్గా మరిచిపోయేది సర్వీస్ పోర్టు. గేజులు తగిలించే ఆ రెండు చోట్ల లోపల టైరు ట్యూబులో లాంటి చిన్న పిన్ వాల్వ్ ఉంటుంది. దాని మీది ప్లాస్టిక్ మూత దుమ్ము పడకుండా పెట్టిందే అనుకుంటారు గానీ, లోపలి రబ్బరు వాషరుతో గ్యాస్‌ను ఆపేది ప్రధానంగా ఆ మూతే. ఏదో ఒక సర్వీసింగ్‌లో అది ఊడిపోయి, మళ్లీ పెట్టకపోతే, పిన్ వాల్వ్ నుంచి నెలల తరబడి గ్యాస్ సన్నగా పోతూనే ఉంటుంది.

వ్యాక్యూమ్ పెట్టి ముల్లు కదలకపోతే లీకు లేనట్టే అన్నది వర్క్‌షాపుల్లో గట్టి నమ్మకం. ఇది సగమే నిజం. వ్యాక్యూమ్‌లో వ్యవస్థ గోడల మీద పడే తేడా ఒక్క వాతావరణ పీడనం, అదీ బయటి నుంచి లోపలికి. నడుస్తున్నప్పుడు హై-సైడ్‌లో లోపలి నుంచి బయటికి సుమారు పదిహేను రెట్లు నెడుతుంది. ఆ నెట్టుడుకే తెరుచుకునే చీలిక వ్యాక్యూమ్‌లో మూసుకునే ఉంటుంది. అందుకే పొడి నైట్రోజన్‌తో ప్రెషర్ పెట్టి, సబ్బు నురగతో చూడటం మేలు. టైర్ల కంప్రెసర్‌లోని గాలి వాడకూడదు. దాంతో తేమ వస్తుంది, పైగా ఆర్-134ఎ గాలితో కలిసి ఎక్కువ ప్రెషర్‌లో ఉన్నప్పుడు అంటుకునే ప్రమాదముంది.

వ్యాక్యూమ్ అసలు పని తేమను తీసేయడం. లోపల మిగిలిన నీటి చుక్క ఎక్స్‌పాన్షన్ వాల్వ్ సన్నటి దారిలో గడ్డకట్టి దాన్ని మూసేస్తుంది. అరగంట నడిచాక చల్లదనం పోతుంది, ఆపి కాసేపటికి మంచు కరిగి మళ్లీ వస్తుంది. గ్యాస్, ఆయిల్, నీరు కలిసి కాలక్రమంలో ఆమ్లంగా మారి లోహాన్ని తినడం ఇంకో నష్టం. ఆ నీటిని మరిగించి లాగేయాలంటే లోపలి పీడనం బాగా పడిపోవాలి: 30 డిగ్రీల దగ్గర నీరు మరగడానికి అది 32 మిల్లీమీటర్ల పాదరసం కన్నా తక్కువ కావాలి. గేజు మీద 28 అంగుళాలు చూసి సరిపోయిందనుకునే మెకానిక్ విశాఖపట్నంలో ఉంటే లోపల ఇంకా 49 మిల్లీమీటర్లు మిగిలే ఉంటాయి, నీరు కదలదు. అదే 28 హైదరాబాదులో వస్తే దాదాపు పూర్తి వ్యాక్యూమ్ కిందే లెక్క. సముద్ర మట్టానికి 540 మీటర్ల ఎత్తున ఉన్న ఆ నగరంలో వాతావరణ పీడనమే 28 అంగుళాల చుట్టూ ఉంటుంది, ముల్లు అంతకు మించి దిగలేదు. ఒకే అంకెకు రెండు ఊళ్లలో రెండు అర్థాలు. స్థానిక వాతావరణంతో పోల్చకుండా నేరుగా కొలిచే మైక్రాన్ గేజు ఉంటే ఈ తికమక ఉండదు. అది లేని చోట పంపును కనీసం అరగంటైనా నడపడం, వ్యవస్థను విప్పినప్పుడు డ్రయర్ మార్చడం తప్పనిసరి.

నింపడం తూకం ప్రకారమే జరగాలి. బానెట్ కింద అంటించిన లేబుల్ మీద గ్యాస్ రకం, గ్రాములు రాసి ఉంటాయి. ఉన్న గ్యాస్‌ను మెషీన్‌లోకి లాగి తూచితే ఎంత పోయిందో తెలుస్తుంది. శుభ్రం చేసి, లోటు కలిపి, లేబుల్ మీది బరువుకు తిరిగి నింపాలి. ఎస్‌ఏఈ జే2788 ప్రమాణానికి తయారైన మెషీన్లు 15 గ్రాముల తేడా లోపలే నింపగలవు. చేతి డబ్బాతో, చేతి స్పర్శతో ఆ కచ్చితత్వం రాదు. పైగా గొట్టంలోని గాలిని ముందు వదలకపోతే అదీ లోపలికి పోతుంది. ఆయిల్ సంగతి ఇంకా ముఖ్యం. కంప్రెసర్‌కు విడిగా ఆయిల్ పంపు లేదు. గ్యాసే దాన్ని మోసుకొచ్చి పోస్తుంది. గ్యాస్ సగమైతే ఆయిల్ కూలింగ్ కాయిల్‌లోనే నిలిచిపోయి కంప్రెసర్ పొడిగా తిరుగుతుంది. లీకుతో కారిపోయినది కారిపోగా, ఏటా గ్యాస్ మాత్రమే నింపించుకున్న బండిలో రెండు మూడేళ్లకు కంప్రెసర్ ఒరుసుకుపోయి, లోహపు పొడి వ్యవస్థంతా వ్యాపిస్తే కండెన్సర్ కూడా మార్చాల్సి వస్తుంది.

ఈ వాదనకు అభ్యంతరాలు ఉన్నాయి, కొట్టిపారేయదగ్గవి కావు. మొదటిది, పూర్తిగా కారని వ్యవస్థ అంటూ ఉండదన్నది. నిజమే. ఐరోపా సమాఖ్య 2006 నాటి ఆదేశం కూడా ఒక కూలింగ్ కాయిల్ ఉన్న కారుకు ఏడాదికి 40 గ్రాముల వరకు, రెండున్నవాటికి 60 గ్రాముల వరకు అనుమతించింది. బిగువుగా ఉన్న కారు అంతకన్నా తక్కువే పోగొట్టుకుంటుంది. ఐదారేళ్ల కారులో కొంత లోటు కనబడితే దాన్ని తూచి నింపడం న్యాయమే. ప్రతి వేసవికీ సగం ఖాళీ అయ్యే కారుకు మాత్రం ఈ సమర్థన పనికిరాదు. రెండోది ఖర్చు. లీకు కూలింగ్ కాయిల్‌లో ఉంటే డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాలి, పాత బండికి అంత పెట్టడం ఎందుకన్నది సహేతుకమైన ప్రశ్న. రెండేళ్లలో అమ్మేయబోయే బండిలో సన్నటి కాయిల్ లీకుంటే, ఆయిల్‌తో సహా తూచి నింపించుకుని సరిపెట్టుకోవడం తప్పనలేం. కానీ లీకు అక్కడే ఉందని తెలిశాకే ఆ నిర్ణయానికి విలువ. కొన్ని రూపాయల ఓ-రింగు దగ్గర పోతున్నదాన్ని కాయిల్ లీకుగా ఊహించుకుని ఏటా నింపడం పొదుపు కాదు. లీకును మూసే రసాయనాలతో దగ్గరదారి వెతికేవారూ ఉన్నారు. అవి ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌లో, రికవరీ మెషీన్‌లో కూడా గడ్డకడతాయి. మూడో అభ్యంతరం అనుభవజ్ఞుల నుంచి వస్తుంది: పైపు తాకితే చాలు, లోపల ఎంతుందో చెప్పగలం అని. గాజు కిటికీలూ కిలో గ్యాసూ ఉన్న రోజుల్లో ఆ చేతికి విలువుండేది. 400 గ్రాముల వ్యవస్థలో అది అనుమానాన్ని రేపగలదే గానీ తీర్పు చెప్పలేదు.

గ్యాస్ నాణ్యత మీద కూడా ఓ కన్నేయాలి. 2011లో ఆర్-134ఎ పేరుతో అమ్మిన కల్తీ గ్యాస్ నింపిన ఓడల రిఫ్రిజిరేటెడ్ కంటెయినర్లు వియత్నాం, బ్రెజిల్ దేశాల్లో పేలి కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. అందులో కలిసిన మిథైల్ క్లోరైడ్ అల్యూమినియంతో చర్య జరిపి, గాలి తగలగానే మండే పదార్థాన్ని పుట్టించింది. కారు ఏసీ భాగాలు కూడా అల్యూమినియంవే. వాతావరణానికి జరిగే హాని ఇంకొకటి. ఆర్-134ఎ భూతాపాన్ని పెంచే శక్తి కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 1,430 రెట్లు. 450 గ్రాములు గాల్లో కలిస్తే అది 640 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో, అంటే సుమారు 280 లీటర్ల పెట్రోలు కాల్చడంతో సమానం. 2017 నుంచి ఐరోపాలో కొత్త కార్లలో దీన్ని నిషేధించారు. అక్కడ వాడుకలోకి వచ్చిన ఆర్-1234వైఎఫ్‌కు కొద్దిగా మండే గుణం ఉంది, సర్వీస్ పోర్టులూ వేరు. మాంట్రియల్ ఒప్పందానికి చేసిన కిగాలీ సవరణను 2021లో ఆమోదించిన భారతదేశం 2032 నుంచి 2047 వరకు అంచెలంచెలుగా ఆర్-134ఎ జాతి వాయువులను 85 శాతం తగ్గించుకోవాలి. సరఫరా తగ్గేకొద్దీ ఏటా నింపే పద్ధతి ఖరీదూ పెరుగుతుంది.

విద్యుత్ కార్లలో లోపాల వేట ఇంకో మలుపు తీసుకుంటుంది. వాటి కంప్రెసర్ వందల వోల్టుల కరెంటుతో నడుస్తుంది, మోటారు చుట్టలు ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. వాటికి కరెంటు పారనివ్వని ఎస్టర్ ఆయిల్ వాడతారు. పెట్రోలు కార్లలో పోసే పీఏజీ ఆయిల్ గ్యాస్ నింపే అదే మెషీన్ గొట్టాల్లోంచి కొద్దిగా కలిసినా ఇన్సులేషన్ దెబ్బతిని, కారు తనంతట తాను హైవోల్టేజ్ లోపం ప్రకటించవచ్చు. పైగా చాలా మోడళ్లలో బ్యాటరీని చల్లబరిచేది కూడా ఇదే గ్యాస్ వలయం. అందువల్ల మే నెల మధ్యాహ్నం ఫాస్ట్ చార్జర్ దగ్గర వేగం పడిపోతే, చార్జర్‌ను తప్పుబట్టే ముందు కండెన్సర్ మూలల్లో జిడ్డు దుమ్ము ఉందేమో చూడాలి.